టెక్ సందేహాలు: బామ్మ నోరు ఎందుకు వణుకుతోంది?

ప్రశ్న: పిల్లల కథల వీడియోల కోసం బొమ్మలను కదిలించే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఒక బామ్మ బొమ్మ చేశాను. ఎనిమిది రకాల నోళ్లు గీసి, ఒక్కోదాని ఓపాసిటీకి (ఎంత కనిపించాలన్నదానికి) కీఫ్రేములు (ఏ క్షణంలో ఏ విలువో చెప్పే గుర్తులు) పెడుతుంటే నిమిషం మాటలకే టైమ్‌లైన్ నిండిపోయింది. ఎక్స్‌ప్రెషన్ (చిన్న కోడ్ సూత్రం) రాసి అన్నిటినీ ఒకే స్లయిడర్‌తో (నంబరు మార్చే మీటతో) నడపొచ్చని విని ప్రయత్నించాను. బామ్మ నోరు చలికి వణికినట్టు ఆడుతోంది. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మొదటిసారి చేసినప్పుడు నా బొమ్మకూ ఇదే వణుకు. ఎక్స్‌ప్రెషన్‌లోనే తప్పుందనుకుని గంటసేపు దాన్నే తిరగరాశాను. అసలు తప్పు కీఫ్రేముల్లో ఉంది.

స్లయిడర్‌ని 1 దగ్గర ఒక కీఫ్రేమ్, 6 దగ్గర ఇంకో కీఫ్రేమ్ పెడితే, సాఫ్ట్‌వేర్ మధ్యలోని 2, 3, 4, 5 నోళ్లన్నీ చూపిస్తూ వెళుతుంది. మీరు చూస్తున్న వణుకు అదే. కీఫ్రేములన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌లో ‘టోగుల్ హోల్డ్ కీఫ్రేమ్’ నొక్కండి. ఇక నోరు ఒకదాని నుంచి మరోదానికి ఠక్కున మారుతుంది.

మిగతా అమరిక కూడా ఒకసారి సరిచూసుకోండి. ఎనిమిది నోళ్లూ ఒకే ప్రీకాంప్‌లో (ప్రధాన కాంప్, అంటే మొత్తం వీడియో కూర్పు లోపల ఉండే చిన్న కూర్పులో) ఒక్కో ఫ్రేమ్ నిడివితో వరసగా ఉండాలి. ఆ ప్రీకాంప్‌కి టైమ్ రీమాపింగ్ (ఏ క్షణంలో ఏ ఫ్రేమ్ చూపాలో మనమే చెప్పే వీలు) ఆన్ చేసి, లేయర్ చివరను కథ అయ్యేదాకా లాగండి. ఆల్ట్ పట్టుకుని టైమ్ రీమాప్ స్టాప్‌వాచ్ మీద నొక్కితే ఎక్స్‌ప్రెషన్ గడి తెరుచుకుంటుంది. స్లయిడర్ పేరు టైప్ చేయొద్దు, పక్కనున్న సుడి గుర్తు, అంటే పిక్ విప్‌ని దాని మీదకు లాగితే చాలు. వచ్చిన దానికి 0.5 కలిపి, మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టి, ‘దిస్‌కాంప్ డాట్ ఫ్రేమ్‌డ్యూరేషన్’తో (thisComp.frameDuration, అంటే ఒక్కో ఫ్రేమ్ నిడివితో) గుణించండి. అందులో కాంప్‌కి సీ, డ్యూరేషన్‌కి డీ పెద్దక్షరాలు. చిన్నవి రాస్తే ఎర్రర్ వస్తుంది.

0.5 ఎందుకంటారా? సెకనుకు 25 ఫ్రేముల కాంప్‌లో ఒక్కో ఫ్రేమ్ 0.04 సెకను. సరిగ్గా రెండు ఫ్రేముల మధ్య గట్టు మీద నిలబడితే, దశాంశాల లెక్కలో వెంట్రుకవాసి తేడాకే పక్క నోరు పడొచ్చు. సగం ఫ్రేమ్ కలిపితే ఎప్పుడూ నడిమధ్యలో ఉంటారు.

ప్రీకాంప్, ప్రధాన కాంప్ ఫ్రేమ్ రేట్లు ఒకటే అయి ఉండాలి. లోపల 30, బయట 25 ఉంటే, మీరు 7 అడిగినప్పుడు అది 9కి పోతుంది. సున్నా నుంచి లెక్కపెడితే మీ నోళ్లు 7తోనే సరి, కాబట్టి బామ్మకు నోరే ఉండదు!

ఇంతవరకూ పది నిమిషాల పని. అసలు పని వినడంలో ఉంది. అక్షరానికో నోరు పెట్టకండి. బళ్లో చదివిన ఓష్ఠ్యాలు ఇప్పుడు అక్కరకొస్తాయి: ప, ఫ, బ, భ, మ. వీటికి పెదవులు కలవాల్సిందే. (మనలో చాలామంది ‘ఫ’ని కింది పెదవి మీద పళ్లు ఆనించి పలుకుతారు. గొంతు ఇచ్చినవాళ్లు ఎలా పలికారో విని ఏ నోరో ఎంచుకోండి.) క, గ, ట, ణ లాంటివి నోటి లోపల పుడతాయి, బయటికి పెద్దగా కనిపించవు. వాటి మీది అచ్చుకు తగ్గ నోరు పెడితే సరిపోతుంది. ‘కాకి’కి రెండు నోళ్లు చాలు, ‘పాపం’కి మూడుసార్లు పెదవులు కలవాలి. ‘అమ్మమ్మ’లో ఒత్తు ఉంది కాబట్టి మూసిన నోరు ఇంకో ఫ్రేమో రెండో ఎక్కువ ఆగాలి. మూసిన నోరు ఎక్కడ వచ్చినా కనీసం రెండు ఫ్రేములు ఉంచండి. శబ్దానికి ఒక ఫ్రేమ్ ముందే నోరు మారితే ఇంకా సహజంగా ఉంటుంది.

ప్రశ్న: ఏ నంబరు ఏ నోరో గుర్తుండటం లేదు. పేర్లు పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చు. స్లయిడర్ బదులు 2020లో వచ్చిన డ్రాప్‌డౌన్ మెనూ కంట్రోల్ వాడి ‘ఆ’, ‘ఈ’, ‘ఊ’, ‘మూసినది’ అని రాసుకోండి. దాని లెక్క 1 నుంచి మొదలవుతుంది. అందుకని పైన చెప్పిన ఎక్స్‌ప్రెషన్‌లో 0.5 కలపడానికి బదులు, మెనూ నంబరులోంచి 0.5 తగ్గించాలి (మైనస్ 0.5). దీని కీఫ్రేములు వాటంతటవే హోల్డ్‌గా ఉంటాయి, వణుకు బెడద లేదు.

ప్రశ్న: ఆడియో ఇస్తే అదే నోరు ఆడించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందా? తెలుగుకు పనికొస్తుందా?

జవాబు: రుబార్బ్ లిప్ సింక్ ఉచితం, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కి స్క్రిప్టు కూడా దానితోనే వస్తుంది. మామూలుగా అది ఇంగ్లిష్ మాటల కోసం వెతుకుతుంది కాబట్టి తెలుగు ఆడియోకి రికగ్నైజర్‌ని (మాటలను గుర్తుపట్టే భాగాన్ని) ‘ఫొనెటిక్’కి, అంటే శబ్దాల ఆధారంగా గుర్తుపట్టేదానికి మార్చండి. వచ్చినదాన్ని చిత్తుప్రతిగానే చూడండి. నేనైతే ముందు ప, బ, మ ఉన్న చోట్లన్నీ వెతికి పెదవులు కలిశాయో లేదో చూసుకుంటాను. అవి కుదిరితే మిగతా చోట్ల చిన్న తేడాలను పిల్లలు పట్టించుకోరు.