టోరెంటుకు వచ్చే వేగం మిగతావాటికి ఎందుకు రాదు?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా వీధి కేబుల్ ఆపరేటరు దగ్గర 20 ఎంబీపీఎస్ కనెక్షన్ తీసుకున్నాం. ఏది డౌన్‌లోడ్ చేసుకున్నా ఆ వేగం దాటదు కాని, ఉబుంటు (ఉచిత ఆపరేటింగ్ సిస్టం) వంటి కొన్ని టోరెంట్లు మాత్రం అంతకు మూడు నాలుగు రెట్ల వేగంతో దిగుతున్నాయి. అంతగా ఎవరికీ పట్టని టోరెంటు అయితే నత్తనడకే. అడిగితే ఆపరేటరు గారు, ‘అది మా కాష్ సర్వరు నుంచి వస్తుందండీ’ అన్నారు. మేము దించుకున్నవన్నీ ఆయన దాచి ఉంచుతున్నారా? ఆ ప్రతిలో కల్తీ జరిగే వీలుందా? ఇది చట్టానికి లోబడినదేనా?

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ ఇంటి దాకా తీగ లాగడానికి అయ్యే ఖర్చు ఒకసారితో పోతుంది, ఊరి బయట పెద్ద సంస్థల నుంచి కొనే బ్యాండ్‌విడ్త్‌కు మాత్రం మీ ఆపరేటరు నెలనెలా డబ్బు కట్టక తప్పదు. మీకు విధించిన 20 ఎంబీపీఎస్ పరిమితి ఆ కొన్న సరుకును పంచడానికి పెట్టుకున్నది. ఆయన గదిలోనే ఉన్న కాష్ సర్వరు (అడిగినవాటి ప్రతిని దగ్గరే దాచి ఇచ్చే కంప్యూటరు) నుంచి మీకు వచ్చే డేటాకు పైవారికి కట్టేదేమీ లేదు కనుక, అక్కడ ఆ పరిమితిని సడలించినా ఆయనకు నష్టం లేదు.

1990ల వెబ్ పేజీలకే కాష్‌లు ఉండేవి. టోరెంట్లకు అవి మరీ అవసరం కావడానికి కారణం, ఒక ఫైలును అది ఉన్న అందరి కంప్యూటర్ల నుంచీ ముక్కలుగా తెచ్చే, 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టోరెంట్ పద్ధతికి దూరాభారాల లెక్క లేకపోవడమే. మీ ఊరిని ఆనుకునే ఉన్న పాతపట్నంలో ఒకరి దగ్గర మీరు కోరిన ఫైలు ఉందనుకుందాం. వారి కనెక్షన్ వేరొక ఆపరేటరుదైతే, ఆ డేటా విశాఖ మీదుగానో హైదరాబాదు మీదుగానో వెళ్లి, భువనేశ్వర్ మీదుగానో కోల్‌కతా మీదుగానో తిరిగి మీ ఇల్లు చేరవచ్చు. మీ క్లయింటుకు (టోరెంట్లు దించే ప్రోగ్రాముకు) పాతపట్నమూ పోర్చుగల్లూ ఒకటే. 4 జీబీ ఫైలును మీ ఊళ్లో 50 మంది దించుకుంటే పైలైను మీద 200 జీబీ నడుస్తుంది. కాష్ ఉంటే ఇంచుమించు 4 జీబీతో సరిపోతుంది.

ఇక పని జరిగే తీరు. టోరెంటు ఫైలు ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్కకూ 20 బైట్ల షా-1 హ్యాష్ (ఆ ముక్కకు వేలిముద్ర లాంటి సంఖ్య) ముందే టోరెంటులో రాసి ఉంటుంది. రెండు కంప్యూటర్లు కలుసుకోగానే మొదటి పలకరింపులోనే తమకు ఏ టోరెంటు కావాలో గుర్తింపు సంఖ్యతో చెప్పుకుంటాయి. దారిలో ఉన్న కాష్ పెట్టె ఆ సంఖ్యను చదివి, ఆ ముక్కలు తన డిస్కులో ఉంటే అవతలి వ్యక్తి బదులు తానే అందిస్తుంది, లేకపోతే పైనుంచి తెప్పించి ఒక ప్రతి ఉంచుకుంటుంది. వచ్చిన ప్రతి ముక్కకూ మీ క్లయింటు హ్యాష్ లెక్కగట్టి సరిచూస్తుంది, తేడా ఉంటే పారవేసి మళ్లీ అడుగుతుంది. కాబట్టి ముక్క ఆపరేటరు డిస్కు నుంచి వచ్చినా, అపరిచితుడి ల్యాప్‌టాప్ నుంచి వచ్చినా కల్తీ భయం ఒక్కటే స్థాయిలో ఉంటుంది, అంటే దాదాపు లేనట్లే. అసలు టోరెంటే నకిలీదైతే ఆ దోషం కాష్‌ది కాదు.

ఇందులో దాచేది టోరెంటు వారీగానే తప్ప ఇంటి వారీగా కాదు. డిస్కు నిండాక ఎవరూ అడగనివి తొలగిపోతాయి. మీ అరుదైన టోరెంట్లకు నత్తనడక తప్పకపోవడానికి కారణమదే. అయితే ఏ ఇల్లు ఏది అడిగిందో ఆ పెట్టెకు తెలుస్తుందన్నది మరచిపోకండి. మరొక చిక్కు ఉంది: ఒకే వెబ్ పేజీని మనం పదేపదే తెరుస్తాం కాని, ఒక సినిమాను మామూలుగా ఒక్కసారే దించుకుంటాం. 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫైళ్లు పంచుకొనే కజా ప్రోగ్రాము ట్రాఫిక్‌ను పరిశీలించి ఈ తేడానే చూపారు. కాష్‌కు గిట్టుబాటు కావాలంటే అదే ఫైలును అడిగే వేరే వేరే ఇళ్లు చాలా ఉండాలి, చిన్న ఊళ్లో అది కష్టమే.

ఈ పద్ధతికి పెద్ద దెబ్బ ఎన్‌క్రిప్షన్ వల్ల తగిలింది. కొందరు ప్రొవైడర్లు టోరెంట్లను అణచివేయడంతో 2006 నాటికి ప్రధాన క్లయింట్లు ఆ మొదటి పలకరింపునే గుప్తంగా మార్చాయి. అమెరికాలో కామ్‌కాస్ట్ సంస్థ కనెక్షన్లను మధ్యలో తెంచుతోందని 2007లో బయటపడి పెద్ద వివాదమైంది. అణచివేసేవారి నుంచి దాక్కోబోయి, మేలు చేసే కాష్‌కు కూడా క్లయింట్లు కనబడకుండా పోయాయి! అదే 2006లో బిట్‌టోరెంట్ సంస్థ, కాష్ పరికరాలు తయారుచేసే క్యాష్‌లాజిక్ సంస్థ కలిసి క్లయింటే దగ్గరి కాష్‌ను వెదుక్కొనే ఏర్పాటును ప్రకటించాయి. నా దృష్టిలో చాటుగా చదివే పెట్టె కంటే అదే మర్యాదైన మార్గం.

చట్టం మాటకొస్తే, ప్రసారంలో భాగంగా తాత్కాలికంగా ఏర్పడే ప్రతికి మన కాపీరైట్ చట్టం 2012 సవరణతో మినహాయింపునిచ్చింది. ఉబుంటు వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఆ మినహాయింపు అవసరమే లేదు. కొత్త సినిమా వారాల తరబడి డిస్కులో కూర్చుంటే అది ‘తాత్కాలికం’ అని వాదించడం మాత్రం తేలిక కాదు.

మీరే పరీక్షించుకోవచ్చు. వేగంగా దిగుతున్నప్పుడు క్లయింటులో ‘పీర్స్’ (మీతో ముక్కలు పంచుకుంటున్న కంప్యూటర్లు) జాబితా తెరవండి. పదుల కొద్దీ చిరునామాలు చుక్క చుక్కగా ఇస్తుండగా ఒక్కటే సింహభాగం ఇస్తుంటే, అందునా అది 10తో మొదలయ్యే లోపలి చిరునామా అయితే, చాలావరకు అదే కాష్. ఆ వేగాన్ని చూసి ప్లాన్ ఎంచుకోకండి; పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు మీకు అందేది ఆ 20 మాత్రమే.

ప్రశ్న: రాయగడలో చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాను. విండోస్ అప్‌డేట్లు వచ్చిన రోజున నెట్ మొత్తం స్తంభిస్తోంది. మాకూ ఇటువంటి కాష్ పెట్టుకోవచ్చునా?

– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: కొనవలసిన పని లేదమ్మా. విండోస్ 10 నుంచి ‘డెలివరీ ఆప్టిమైజేషన్’ పేరిట అది లోపలే ఉంది. సెట్టింగ్స్‌లో దాన్ని తెరచి, ఇతర కంప్యూటర్ల నుంచి తీసుకోవడాన్ని అనుమతించి, కేవలం మీ లోకల్ నెట్‌వర్క్‌కు పరిమితం చేయండి. ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లతోనూ పంచుకొనే ఎంపికను మాత్రం వదిలేయండి. లేకపోతే మీ అప్‌లోడ్ పరాయివారికి ఖర్చవుతుంది. ముందు ఒక కంప్యూటరును అప్‌డేట్ చేసి, దాన్ని ఆపకుండా ఉంచి, తర్వాత మిగతావాటిని మొదలుపెడితే చాలా ముక్కలు దాని నుంచే అందుతాయి.