సెల్ఫ్ అంటే ‘తన’: క్లాసుల దగ్గర ఆగిపోయిన విద్యార్థికి

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పైథాన్‌లో లూపులు, ఫంక్షన్లు, లిస్టులు బాగానే వచ్చు. క్లాసులు, మెథడ్స్ మొదలయ్యాక మాత్రం ఏమీ బుర్రకెక్కడం లేదు. ‘క్లాస్ అంటే బ్లూప్రింట్, ఆబ్జెక్ట్ అంటే దాని ఇన్‌స్టాన్స్’ అని నోట్సులో ఉంది. ప్రోగ్రామ్ రాయమంటే చెయ్యి ఆడదు. కోడింగ్ నీకు సరిపడదు, సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే టెస్టింగ్ పని వైపు వెళ్లిపో అని స్నేహితులు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే లైన్ మార్చుకోవద్దు. లిస్టులు బాగా వచ్చని మీరే రాశారు కదా, అక్కడి నుంచే మొదలుపెడదాం. లిస్టుకు ఒక అంకె చేర్చడానికి ‘అంకెలు.అపెండ్(5)’ అని ఎన్నిసార్లు రాసి ఉంటారు? అందులో అపెండ్ ఒక మెథడ్, అంటే ఆబ్జెక్ట్ చేయగలిగే పని. అంకెలు ఒక ఆబ్జెక్ట్. లిస్ట్ దాని క్లాస్, అంటే దాని రకం. క్లాసులను మీరు ఇన్నాళ్లూ వాడుతూనే వచ్చారు. సొంతంగా ఒకటి తయారు చేయాల్సిన చోట ఆగారు, అంతే.

టెస్టింగ్‌కు వెళ్లినా క్లాసులు తప్పవు. పరీక్షలను ప్రోగ్రామ్‌తోనే నడిపే ఆటోమేషన్ టెస్టింగ్‌లో ఒక్కో వెబ్ పేజీకి ఒక్కో క్లాస్ రాసుకోవడం మామూలు పద్ధతి. జావాతో బ్యాకెండ్ (యాప్ వెనక సర్వర్‌లో నడిచే భాగం), కోట్లిన్ భాష‌తో ఆండ్రాయిడ్ యాప్‌లు, పాండాస్ అనే పైథాన్ లైబ్రరీ‌తో డేటా పని, అన్నింట్లోనూ ఇవే ఎదురవుతాయి. టెస్టింగ్ మంచి వృత్తే. ఇష్టపడి వెళ్లండి, క్లాసులకు భయపడి మాత్రం వెళ్లకండి.

నా అనుభవంలో ఈ పాఠం దగ్గర తడబడేవాళ్లకు తెలివి తక్కువై కాదు. అవసరం తెలియకముందే నిర్వచనం చేతిలో పెట్టడం వల్ల తడబడతారు. అసలు క్లాసులు పుట్టిందే అవసరం నుంచి. నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ అనే ఇద్దరు 1960లలో సిమ్యులేషన్లు (నిజంగా జరిగేవాటిని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములు) రాయడానికి సిమ్యులా అనే భాషను తయారు చేశారు. సిమ్యులేషన్‌లో ఒకే రకం వస్తువులు చాలా ఉంటాయి, దేని పరిస్థితి దానిదే. వాటన్నిటినీ విడివిడి వేరియబుల్స్‌తో మోయడం కష్టం. క్లాస్ అనే ఆలోచన 1967 నాటి సిమ్యులాలో అలా రూపుకట్టింది.

ఆ కష్టం మీరూ ఒకసారి పడాలి. ఫోన్‌లో మూడు అలారాలు ఉన్నాయనుకోండి: 6 గంటలకు చదువు, మధ్యాహ్నం 2 గంటలకు మందు, రాత్రి 9 గంటలకు ఫోన్ కాల్. సమయాన్ని అర్ధరాత్రి నుంచి నిమిషాల్లో లెక్కిద్దాం. సమయాల లిస్టులో 360, 840, 1260 ఉంటాయి. పేర్ల లిస్టులో చదువు, మందు, కాల్. ఇప్పుడు రెండో అలారం తీసేయాలి. సమయాల లిస్టులో 840 తీసేశారు, పేర్ల లిస్టులో తీయడం మరిచారు. 1260 జరిగి రెండో స్థానంలోకి వచ్చింది, అక్కడి పేరు ఇంకా ‘మందు’. రాత్రి 9 గంటలకు ఫోన్ మోగి మందు వేసుకోమంటుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, తప్పు మాత్రం జరిగిపోతుంది. కలిసి ఉండాల్సిన సమాచారాన్ని రెండు చోట్ల పెట్టడమే దీనికి కారణం.

ఇక సమయాన్నీ పేరునూ, వాటితో చేసే పనినీ ఒకచోట కడదాం:

క్లాస్ అలారం:
    డెఫ్ __ఇనిట్__(తన, సమయం, పేరు):
        తన.సమయం = సమయం
        తన.పేరు = పేరు
    డెఫ్ వాయిదా(తన, నిమిషాలు):
        తన.సమయం = (తన.సమయం + నిమిషాలు) % 1440

చదువు = అలారం(360, "చదువు")
మందు = అలారం(840, "మందు")
మందు.వాయిదా(10)

కంప్యూటర్‌లో క్లాస్, డెఫ్, ఇనిట్ అనే మూడింటినీ ఇంగ్లీషులో కొట్టాలి. ఇనిట్ అనేది కొత్త ఆబ్జెక్ట్ తయారైనప్పుడు పైథాన్ దానంతటదే నడిపే మెథడ్. మిగతావి మనం పెట్టుకున్న పేర్లు. పైథాన్ 3లో వాటిని తెలుగు అక్షరాల్లో పెట్టినా ప్రోగ్రామ్ నడుస్తుంది. ఉద్యోగంలో అలా చేయం, నేర్చుకునేటప్పుడు మాత్రం తప్పక చేసి చూడండి.

మీ పుస్తకంలో ‘సెల్ఫ్’ అని ఉండే చోట నేను ‘తన’ అని రాశాను. కావాలనే రాశాను. సెల్ఫ్ అనేది పైథాన్ కీవర్డ్ (భాష తనకోసం అట్టేపెట్టుకున్న మాట) కాదు, అందరూ పాటించే ఒక అలవాటు మాత్రమే. ‘తన’ మాటను తెలుగులో ఎలా వాడతామో చూడండి. ‘అక్క తన పుస్తకం తెచ్చుకుంది’, ‘తమ్ముడు తన పుస్తకం తెచ్చుకున్నాడు’. మాట అదే, పుస్తకాలు వేరు. ఎవరి పుస్తకమో ‘తన’లో లేదు, వాక్యం ఎవరి గురించి అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. సెల్ఫ్ అచ్చంగా ఇలాగే పనిచేస్తుంది. వాయిదా అనే మెథడ్ ఒక్కసారే రాశాం. మందు.వాయిదా(10) అని పిలిస్తే అందులోని ‘తన’ మందు అలారం. చదువు.వాయిదా(10) అంటే అదే ‘తన’ చదువు అలారం. చుక్కకు ఎడమవైపు ఎవరుంటే పని వాళ్లది.

ఇది పోలిక కోసం చెప్పడం లేదు, లోపల జరిగేదే ఇది. మందు.వాయిదా(10) అని మీరు రాస్తే, పైథాన్ మందు ఏ క్లాసుకు చెందిందో చూసి, అక్కడున్న వాయిదాను పట్టుకుని, మందును బ్రాకెట్లలోని మొదటి విలువగా, అంటే మొదటి ఆర్గ్యుమెంట్‌గా అందిస్తుంది. అలారం.వాయిదా(మందు, 10) అని రాసి చూడండి, ఫలితం అదే. బ్లూప్రింట్ పోలికతో నాకున్న పేచీ కూడా ఇక్కడే. ఇల్లు కట్టాక ప్లాన్ కాగితంతో పెద్దగా పనుండదు. ఇక్కడ అలా కాదు. ఆబ్జెక్ట్ పుట్టాక కూడా, మెథడ్‌ను పిలిచిన ప్రతిసారీ పైథాన్ దాన్ని వెతుక్కుంటూ క్లాస్ దగ్గరికి వెళ్తుంది.

ఇది తెలిస్తే కొత్తవాళ్లను ఏడిపించే ఒక ఎర్రర్ కూడా విడిపోతుంది. మెథడ్ రాస్తూ బ్రాకెట్లలో సెల్ఫ్ పెట్టడం మరిచిపోతే, ‘టేక్స్ 0 పొజిషనల్ ఆర్గ్యుమెంట్స్ బట్ 1 వజ్ గివెన్’ అని వస్తుంది. ఏమీ ఇవ్వలేదు కదా, ఒకటి ఇచ్చానంటుందేమిటి అని తల పట్టుకుంటారు. ఆ ఒకటి మీరు ఇచ్చింది కాదు, పైథాన్ అందించిన ఆబ్జెక్ట్. జావా, సి ప్లస్ ప్లస్ భాషల్లో దీన్ని బ్రాకెట్లలో రాయనక్కర్లేదు, ‘దిస్’ పేరుతో అది దానంతటదే అందుతుంది.

కోడ్‌లో % గుర్తుతో, 1440తో భాగించి శేషం తీయడం గమనించారా? రోజుకు 1440 నిమిషాలు. రాత్రి 11:55 అంటే 1435, దానికి 10 కలిపితే 1445. అలాంటి సమయం గడియారంలో లేదు. శేషం తీస్తే 5 వస్తుంది, అంటే అర్ధరాత్రి దాటి ఐదు నిమిషాలు. ఈ జాగ్రత్త వాయిదా మెథడ్‌లో ఒక్కచోట తీసుకుంటే చాలు, మూడు అలారాలకైనా మూడు వందలకైనా వర్తిస్తుంది. ఎన్‌క్యాప్సులేషన్ (సమాచారాన్నీ దానితో చేసే పనినీ ఒకచోట కట్టడం) అనే పెద్ద మాట వెనక ఉన్న ఉపయోగాల్లో ఇదొకటి.

ఇన్‌హెరిటెన్స్ (ఉన్న క్లాస్ ఆధారంగా కొత్త క్లాస్ రాయడం) గురించి ఇప్పుడే కంగారు పడకండి. వారంలో కొన్ని రోజులే మోగే అలారం కావాల్సి వచ్చినప్పుడు అది సహజంగానే వస్తుంది.

ఇంటర్వ్యూల్లో క్లాసుకూ ఆబ్జెక్టుకూ తేడా తప్పకుండా అడుగుతారని లెక్కేసుకోండి. కంఠస్థం చేసిన నిర్వచనం ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ‘సమయాలు, పేర్లు వేరు లిస్టుల్లో పెట్టి చూశాను, ఒకటి తీసేస్తే రెండోది తప్పింది, అందుకని క్లాస్ రాశాను’ అని సొంత ప్రోగ్రామ్ చూపిస్తూ చెప్పే విద్యార్థి మీద నాకు ఎక్కువ నమ్మకం. తర్వాత వచ్చే ప్రశ్నలకు కూడా ఆ విద్యార్థి దగ్గర జవాబు ఉంటుంది.

ఈ వారం వీడియోలు పక్కన పెట్టండి. ముందు లిస్టులతో అలారాలు రాసి, ఒకటి తీసేసి, ప్రోగ్రామ్‌ను చేతులారా పాడు చేయండి. తర్వాత క్లాస్ రాయండి. మోగు, ఆపు అనే రెండు మెథడ్స్ మీరే చేర్చండి. అది నడిచాక ‘ఇంకోటి = మందు’ అని ఒక లైన్ రాసి, ఇంకోటి.వాయిదా(30) అని పిలవండి. ఆ తర్వాత మందు.సమయం ప్రింట్ చేయండి. అది కూడా 30 నిమిషాలు జరిగి ఉంటుంది. ఎందుకు జరిగిందో వెంటనే ఎవరినీ అడగొద్దు. కాగితం మీద రెండు పేర్లు రాసి, ఒకే ఒక్క డబ్బా గీసి, రెండింటి నుంచీ దానికి బాణాలు వేయండి. ఆ బొమ్మను, మీ ప్రోగ్రామ్‌ను నాకు పంపండి. అక్కడి నుంచి ముందుకు వెళ్దాం.