ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నొప్పి మాత్రం తగ్గలేదు

ప్రశ్న: పది రోజుల కిందట జారి, అరచెయ్యి నేలకు ఆన్చి పడ్డాను. ఆ రోజు ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. బొటనవేలి వైపు మణికట్టు ఇంకా నొప్పిగానే ఉంది. కట్టు తీసెయ్యవచ్చా?

జవాబు: డాక్టరు మళ్లీ చూసేదాకా తీయకండి. బొటనవేలిని బాగా వెనక్కి చాపితే దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ వేలితో నొక్కినప్పుడు నొప్పి చురుక్కుమంటే స్కాఫాయిడ్ అనే చిన్న మణికట్టు ఎముక విరిగిందేమోనని అనుమానించాలి. ముక్కలు పక్కకు జరగకపోతే ఆ పగులు మొదటి రోజు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. తర్వాత పగులు అంచున ఎముక కొంత కరిగి గీత వెడల్పవుతుంది. అందుకే 10–14 రోజులకు మళ్లీ తీయిస్తారు. మీకు సరిగ్గా ఆ సమయం వచ్చింది. ఈసారి మణికట్టును చిటికెనవేలి వైపు వంచి తీసే స్కాఫాయిడ్ వ్యూ కూడా తీస్తారా అని అడగండి, మామూలు రెండు కోణాల్లో ఈ ఎముక పూర్తిగా కనబడదు.

అప్పటికీ తేలకపోతే ఎమ్మారై. విరిగిన ఎముక మజ్జలో నీరు చేరుతుంది. కొవ్వు సిగ్నల్‌ను అణచి తీసిన చిత్రాల్లో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది, తొలి రోజుల్లోనే.

ఇంత చిన్న ఎముకకు ఇంత పట్టుదల ఎందుకంటే, దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి ఎక్కి, ముంజేతి వైపు కొసకు వెనక్కి చేరుతుంది. నడుమ విరిగితే ఆ కొసకు రక్తం అందక ఎముక అతుక్కోకపోవచ్చు, చచ్చుబడవచ్చు కూడా. ఉత్త బెణుకే అని వదిలేసిన మణికట్లు కొన్ని ఇలాగే పాడవుతాయి.

ప్రశ్న: మా నాన్నగారికి ఉన్నట్టుండి మూతి వంకర పోయి, కుడిచెయ్యి పడిపోయింది. గంటలోపు తీసిన సీటీ నార్మల్ అన్నారు, అయినా పక్షవాతం ఇంజెక్షన్ ఇచ్చారు. ఎందుకు?

జవాబు: ఆ వేళ సీటీ తీసేది ముఖ్యంగా మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి. కొత్తగా చిందిన రక్తం సీటీలో తెల్లగా కనబడుతుంది. రక్తనాళం పూడుకుపోయినప్పుడు మాత్రం తొలి కొన్ని గంటలు సీటీ మామూలుగానే ఉండవచ్చు. రక్తస్రావం లేదు కనుకనే గడ్డ కరిగించే మందు ఇవ్వగలిగారు. దాన్ని సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, కాబట్టి ఆయన చివరిసారి బాగున్న సమయం చెప్పడమే ఇంట్లోవాళ్లు చేయగల పెద్ద సాయం.

ఎమ్మారైలో డిఫ్యూజన్ చిత్రం దెబ్బతిన్న చోటును చాలా త్వరగా పట్టిస్తుంది: ఆక్సిజన్ అందని కణాలు ఉబ్బి, నీటి కదలిక తగ్గి, అక్కడ తెల్లగా వస్తుంది. జతగా వచ్చే, నీటి కదలికను కొలిచి చూపే ఏడీసీ మ్యాప్‌లో అదే చోటు నల్లగా ఉంటే అది కొత్త దెబ్బ.

ప్రశ్న: మోకీలు మార్పిడి అయినవారికి నడుము ఎమ్మారై తీయవచ్చా?

జవాబు: సాధారణంగా తీయవచ్చు. లోహం వల్ల చిత్రం చెదిరేది ఆ కీలు చుట్టుపక్కలే. వేసిన కీలు వివరాలుండే ఇంప్లాంట్ కార్డు తీసుకెళ్లండి. పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, ఎప్పుడైనా కంట్లో పడిన ఇనుపరజను, వీటిలో ఏది ఉన్నా గదిలో అడుగుపెట్టకముందే టెక్నీషియన్‌కు చెప్పండి.