పంక్చర్ దుకాణంలో తెలిసినది పరీక్షలో ఎందుకు రాయలేకపోతోంది?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లాలోని ఒక మండల కేంద్రం. నేను పంక్చర్ దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఐదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు మాధ్యమంలో ఏడో తరగతి చదువుతోంది. లెక్కల్లో మంచి మార్కులే వస్తున్నాయి కానీ సైన్సులో సగం కూడా రావడం లేదు. రాత్రి పది దాకా బట్టీ పట్టినా తెల్లారేసరికి గుర్తుండడం లేదంటోంది. ఐఐటీ ఫౌండేషన్ కోచింగ్‌లో చేర్చమని బంధువులు చెబుతున్నారు. చేర్చమంటారా? లేక తనకు సైన్సు అబ్బదనుకుని ఇంటర్‌లో వేరే గ్రూపు చూసుకోవాలా?

జవాబు: ఇంటర్ గ్రూపు పదో తరగతి తర్వాత ఎంచుకునేది కాబట్టి, ఆ నిర్ణయానికి మీకు ఇంకా మూడేళ్ళ వ్యవధి ఉంది. ఏడో తరగతి మార్కులు చూసి సైన్సు అబ్బదని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. నిజానికి కారణం ఎక్కడ వెతకాలో మీ ప్రశ్నే చెబుతోంది. లెక్కల్లో జవాబు అంకెల్లో వస్తుంది, అక్కడ భాష అవసరం తక్కువ. సైన్సులో మాత్రం ఎందుకు, ఎలా అన్నది వాక్యాల్లో చెప్పాలి. అయిదేళ్ళు తెలుగులో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారిన పిల్లకు వచ్చిన ఇబ్బంది సైన్సుదా, భాషదా అన్నది ముందు తెలుసుకోవాలి.

అందుకు పెద్ద పరీక్ష అక్కర్లేదు. తను బట్టీ పట్టిన పాఠం నుంచి ఒక ప్రశ్నను మీరు తెలుగులో, పుస్తకంలో లేని విధంగా అడగండి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి శ్వాసక్రియ నిర్వచనాన్ని ఇంగ్లీషులో ఎక్కడా తడబడకుండా అప్పజెప్పాడు. "మనం నిద్రపోతున్నప్పుడు కూడా అది జరుగుతుందా?" అని తెలుగులో అడిగితే తల దించుకున్నాడు. మీ అమ్మాయి తెలుగులో చక్కగా చెప్పి ఇంగ్లీషులో రాయలేకపోతే అది భాషతో వచ్చిన చిక్కు. తెలుగులోనూ చెప్పలేకపోతే పాఠమే అర్థం కాలేదన్నమాట. ఈ రెండింటికీ మందు వేరువేరు. రాత్రి పది దాకా బట్టీ పట్టడం మాత్రం రెండింటికీ పనికిరాదు.

భాష చిక్కే అయితే పరిష్కారం తన సంచీలోనే ఉంది. ప్రభుత్వం ఇచ్చిన పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటాయి. చాలామంది పిల్లలు తెలుగు పేజీని చూడటం నామోషీగా భావించి వదిలేస్తుంటారు. ముందు తెలుగు పేజీ చదివి, పుస్తకం మూసి, అందులోని సంగతిని మీకో, వాళ్ళమ్మకో సొంత మాటల్లో చెప్పి, ఆ తర్వాతే ఇంగ్లీషు పేజీ తెరవమనండి. పక్కన ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించి, ఒక్కో శాస్త్ర పదానికి ఇంగ్లీషు మాట, తెలుగు మాట, మీ ఇంట్లోనో దుకాణంలోనో కనిపించే ఒక ఉదాహరణ రాయించండి. తెలిసిన ఇంగ్లీషు మాటలే ఎక్కువ తికమక పెడతాయని గుర్తుంచుకోండి. "సెల్" అంటే ఇంట్లో ఫోను, టార్చిలైటులో బ్యాటరీ, జీవశాస్త్రంలో జీవకణం. తెలుగు మాటలూ మొదట కొరుకుడు పడవు గానీ, విడదీస్తే అర్థం వాటంతటవే చెబుతాయి. పత్రం అంటే ఆకు, హరితం అంటే ఆకుపచ్చ, కాబట్టి పత్రహరితం అంటే ఆకులోని ఆకుపచ్చ పదార్థం. ఇలా విడదీసి చూసిన మాటను మళ్ళీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

పాఠమే అర్థం కాకపోతే, చాలామంది తల్లిదండ్రులకు లేని సౌకర్యం మీకు ఉంది. సైకిల్ పంపుతో గట్టిగా గాలి కొట్టాక దాని అడుగు భాగం వేడెక్కడం మీకు రోజూ చేతికి తెలిసే విషయమే. ఎందుకు వేడెక్కుతుందో అమ్మాయిని అడగండి. లోపల పిస్టన్ రాసుకోవడం వల్ల అంటుంది, పెద్దవాళ్ళలోనూ చాలామంది ఆ మాటే అంటారు. వెంటనే తప్పని చెప్పకండి. "అదే నిజమైతే, ట్యూబుకు తగిలించకుండా ఉత్తినే కొట్టినా అంతే వేడెక్కాలి కదా?" అనండి. పంపు చల్లారాక, గొట్టం వదిలేసి అన్నే సార్లు, అంతే వేగంతో కొట్టమని, అడుగు భాగం పట్టుకుని చూడమనండి. ఈసారి వేడి చాలా తక్కువగా ఉంటుంది. పిస్టన్ రాపిడి రెండుసార్లూ ఉంది. మారింది ఒక్కటే, మొదటిసారి గాలి పోవడానికి దారిలేక కుదించుకుంది, రెండోసారి హాయిగా బయటికి పోయింది. కాబట్టి ఎక్కువ వేడి గాలిని కుదించడం వల్లనే వస్తోందని తనే చెబుతుంది. ఒక ఊహ చేయడం, దాన్ని పరీక్షించడం, ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి తేడా చూడటం, ఈ మూడూ సైన్సు పద్ధతికి ప్రాణం. కోచింగ్ సెంటర్ల బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఇది దొరకదు.

వంటింట్లో ఆమ్లాలు, క్షారాల పాఠం ఉంది. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రబడటం దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. అదే పసుపును కాగితానికి పట్టించి ఆరబెట్టి, సున్నపు తేట, సబ్బు నీళ్ళు, నిమ్మరసం, ఉప్పునీళ్ళు ఒక్కో చుక్క వేయించండి. మొదటి రెండూ ఎర్ర మరకలు చేస్తాయి, మిగతా రెండింటికీ రంగు మారదు. అయితే నిమ్మరసం, ఉప్పునీరు ఒకటేనా అన్న ప్రశ్న తనకు రావాలి. వస్తే, మందార పూల రసం దగ్గరికి తీసుకెళ్ళండి, అది నిమ్మరసానికి ముదురు గులాబీ రంగులోకి, సున్నపు తేటకు ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. మీ దుకాణంలో బ్యాటరీలు కూడా ఉంటే, వాటిలోనిది సల్ఫ్యూరిక్ ఆమ్లమని చెప్పండి గానీ దగ్గరికి మాత్రం రానివ్వకండి.

ఇక మార్కుల సంగతి. మన రాష్ట్ర సైన్సు పాఠ్యపుస్తకాల్లో విద్యాప్రమాణాలు, అంటే పిల్లలు సాధించాల్సిన సామర్థ్యాలు, ఏడు. విషయావగాహన వాటిలో మొదటిది మాత్రమే. ప్రశ్నించడం, పరికల్పన (పరీక్షించదగ్గ ఊహ) చేయడం, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు, సమాచార నైపుణ్యాలు, ప్రాజెక్టు పనులు, బొమ్మలు గీయడం, నిజజీవిత వినియోగం వంటివన్నీ మిగతా వాటిలోకి వస్తాయి. బట్టీతో చేతికందేది ఆ మొదటి దానిలో కొంత భాగమే. అందుకే జవాబుపత్రం ఇంటికి తెచ్చినప్పుడు మొత్తం ఎన్ని వచ్చాయని కాక, ఏ రకం ప్రశ్నల్లో పోయాయో చూడండి. బొమ్మ గీసి భాగాల పేర్లు రాయక పోగొట్టుకున్న మార్కు వారంలో తిరిగి వస్తుంది. "ఎందుకు" అన్న ప్రశ్నలో పోయిన మార్కుకు కొన్ని నెలలు పడుతుంది.

ఫౌండేషన్ కోచింగ్‌లో ఇప్పుడు చేర్చవద్దనే నా సలహా. చదవలేకపోతున్న భాషలోనే ఇంకా కష్టమైన పాఠాలు మోపడం వల్ల, ఇప్పుడు బాగున్న లెక్కలు కూడా భయపెట్టే ప్రమాదం ఉంది. దాని బదులు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష మీద దృష్టి పెట్టండి. ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, కుటుంబ వార్షికాదాయం రూ.3.5 లక్షలు మించని పిల్లలు దీనికి అర్హులు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి రూ.12,000 అందుతుంది. దరఖాస్తుకు ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 5 శాతం సడలింపు ఉంది. కాబట్టి ఈ ఏడాది సైన్సు మార్కులు మీకు ఇక్కడ పనికొస్తాయి. పరీక్షలో మేధాశక్తికి ఒక పేపరు, ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల మీద ఒక పేపరు ఉంటాయి.

వచ్చే ఏడాది సైన్సు రెండు పుస్తకాలవుతుంది, భౌతిక రసాయన శాస్త్రం ఒకటి, జీవశాస్త్రం ఒకటి. కనుక నోటుపుస్తకంలో మాటలు రాసే అలవాటు ఈ సెలవుల్లోపే పడాలి. ఈలోగా ఒకసారి బడికి వెళ్ళి సైన్సు టీచరుగారిని కలిసి, మా అమ్మాయి తరగతిలో ప్రశ్నలు అడుగుతుందా అని కనుక్కోండి. రెండు నెలల తర్వాత, తను తెలుగులో చెప్పగలిగిన పాఠాలు ఎన్ని, ఇంగ్లీషులో రాయగలిగినవి ఎన్ని అన్న లెక్కతో మళ్ళీ రాయండి, ట్యూషన్ అవసరమో కాదో అప్పుడు చెబుతాను.