పేషెంట్లను చూస్తూ క్యాన్సర్ పరిశోధన చేయడం కుదురుతుందా?

మెడిసిన్ చదువుతున్నానని, డాక్టర్‌గా ఉంటూనే క్యాన్సర్ బయాలజీలో పనిచేయాలని ఉందని రాశారు. పాశ్చాత్య దేశాల్లో పుట్టనివాళ్లు ఎవరైనా అలా చేశారా అని అడిగారు. నాకు వెంటనే గుర్తొచ్చే పేరు డాక్టర్ ఒలుఫున్మిలాయో ఒలోపాడే.

నైజీరియాలో 1957లో పుట్టి, 1980లో ఇబాదాన్‌లో మెడిసిన్ పూర్తిచేశారు. తర్వాత అమెరికా వెళ్లి షికాగోలోని కుక్ కౌంటీ ఆస్పత్రిలో రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ) చేశారు. బీదాబిక్కీ వచ్చే ప్రభుత్వాస్పత్రి అది. ఆ తర్వాత షికాగో యూనివర్సిటీలో జానెట్ రౌలీ దగ్గర పరిశోధన నేర్చుకున్నారు. క్రోమోజోముల ముక్కలు చోటు మారడం వల్ల లుకేమియా వస్తుందని నిరూపించిన మనిషి రౌలీ. అంతటి ల్యాబ్‌లో ఉండి ఆ దారిలోనే సాగిపోవచ్చు. కానీ ఒలోపాడే రొమ్ము క్యాన్సర్ వైపు మళ్లారు. నైజీరియాలోనూ, షికాగోలోని నల్లజాతి మహిళల్లోనూ ఈ జబ్బు అంత చిన్న వయసులో, అంత ఉధృతంగా ఎందుకొస్తోందన్నదే ఆమె ప్రశ్న. పశ్చిమాఫ్రికా మహిళల కణితులను పరీక్షిస్తే చాలావాటిలో హార్మోన్ రిసెప్టర్లే (ఈస్ట్రోజెన్ లాంటి హార్మోన్లను పట్టుకునే ప్రొటీన్లు) లేవు. 2005లో అమెరికాలో ప్రతిభావంతులకిచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. కుటుంబంలో క్యాన్సర్ ఉన్నవాళ్ల కోసం క్లినిక్ పెట్టి, తనే పేషెంట్లను చూస్తూ వచ్చారు.

ఆ ప్రశ్న విలువ నాకు పనిలో తెలిసింది. హైదరాబాద్‌లో ఒక పాథాలజీ ల్యాబ్‌లో రొమ్ము కణితి ముక్కల మీద ఈఆర్, పీఆర్ (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల రిసెప్టర్లు), హెర్-2 (కణాలను పెరగమని ప్రేరేపించే ప్రొటీన్) పరీక్షలు చేస్తాను. ఆ ప్రొటీన్ ఉంటే స్లైడ్ మీద గోధుమరంగు వస్తుంది. పరీక్ష సరిగ్గా జరిగిందో చూసుకోవడానికి పెట్టే కంట్రోల్ స్లైడ్‌లో గోధుమరంగు చక్కగా వచ్చి, పేషెంట్ స్లైడ్ మూడింటికీ నీలంగానే మిగిలితే అది ట్రిపుల్ నెగెటివ్. ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ పనిచేయదు, హెర్-2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ పనిచేయదు. ఫారంలో వయసు ముప్ఫైల్లో ఉంటే కడుపు తరుక్కుపోతుంది. అలాంటివాళ్లకు బీఆర్‌సీఏ (తెగిన డీఎన్ఏను బాగుచేయడంలో పనిచేసే జన్యువు) పరీక్ష తప్పనిసరిగా చేయించాలంటాను. ఆ జన్యువు దెబ్బతింటే కణం తెగిన డీఎన్ఏను సరిగ్గా అతుక్కోలేదు. ఒలాపరిబ్ లాంటి మందులు ఆ బలహీనత మీదే దెబ్బకొడతాయి.

కాబట్టి ఎండీ ముందా, పీహెచ్‌డీ ముందా అని ఇప్పుడే టెన్షన్ పడకండి. ఏ ప్రశ్న మిమ్మల్ని వదలడం లేదో చూసుకోండి, గైడ్‌ను దాన్నిబట్టి వెతుక్కోవచ్చు. ఈలోగా ఆంకాలజీ వార్డులో పోస్టింగ్ పడితే, ఫ్యామిలీ హిస్టరీలో తండ్రి వైపు మేనత్తలు, నాయనమ్మ గురించి కూడా అడిగి రాయండి. బీఆర్‌సీఏ లోపం తండ్రి నుంచి కూడా వస్తుంది. నా దగ్గరికొచ్చే కాగితాల్లో ఆ వైపు వివరాలు చాలాసార్లు ఉండవు.