పాఠకుల ప్రశ్నలు: ఎంఆర్‌ఎన్‌ఏ మందు ఏ అవయవానికి చేరుతుంది?

ప్రశ్న: ఎంఆర్‌ఎన్‌ఏ మన ఒంట్లో సహజంగానే ఉంటుందని చదువుకున్నాం. అలాంటప్పుడు దాన్ని సెలైన్‌లో కలిపి నేరుగా ఎక్కించకుండా కొవ్వు రేణువుల్లో పెట్టి ఇవ్వడం ఎందుకు? ఆ రేణువు లోపలికి వెళ్లాక ఏం చేస్తుంది?
— బీఎస్సీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఏ ప్రొటీన్ తయారుచేయాలో కణానికి చెప్పే సందేశమే ఎంఆర్‌ఎన్‌ఏ. జీవకణం తన లోపల తయారుచేసుకునే ఎంఆర్‌ఎన్‌ఏ పరిస్థితి వేరు, బయటి నుంచి వచ్చే ఎంఆర్‌ఎన్‌ఏ పరిస్థితి వేరు. రక్తంలోనూ కణజాలంలోనూ ఆర్‌ఎన్‌ఏను తెగ్గొట్టే ఎంజైములు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి, ఏ రక్షణా లేకుండా ఎక్కించిన ఎంఆర్‌ఎన్‌ఏ త్వరగా ముక్కలైపోతుంది. మిగిలిన కాస్త కూడా కణం లోపలికి పోలేదు. అది చాలా పెద్ద అణువు, పైగా నిండా రుణావేశం ఉన్నది కావడంతో కణం చుట్టూ ఉండే కొవ్వు పొర దాన్ని దాటనివ్వదు.

రుణావేశాన్ని పట్టి ఉంచాలంటే ధనావేశం కావాలి. ఎప్పుడూ ధనావేశంతోనే ఉండే కొవ్వులను తొలి రోజుల్లో వాడి చూశారు; అవి ఆర్‌ఎన్‌ఏను గట్టిగానే పట్టుకున్నాయి గానీ కణాలకు హాని చేశాయి. ఆమ్లంలో మాత్రమే ధనావేశం పొంది, రక్తంలో తటస్థంగా ఉండే కొవ్వులను రూపొందించడంతో ఈ చిక్కు విడిపోయింది. ఈ కృషిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ కల్లిస్‌దీ, ఆయనతో పనిచేసినవారిదీ పెద్ద పాత్ర. ఈ మొత్తం రంగంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఒక్క మెట్టే.

తయారీ ఇలా సాగుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏను ఆమ్లగుణం ఉన్న నీటిలోనూ, నాలుగు రకాల కొవ్వులను ఆల్కహాల్‌లోనూ కరిగించి, ఆ రెండు ధారలనూ సన్నని గొట్టాల్లో వేగంగా కలుపుతారు. కలిసిన క్షణంలోనే కొవ్వులు ఎంఆర్‌ఎన్‌ఏ చుట్టూ చేరి, సుమారు 100 నానోమీటర్ల రేణువులుగా వాటంతట అవే ఏర్పడతాయి. ఆపైన ఆల్కహాల్‌ను తొలగించి, పీహెచ్‌ను రక్తంలో ఉండే 7.4 దరిదాపులకు తెస్తారు. అమెరికాలో 2018లో అనుమతి పొందిన పాటిసిరాన్ అనే మందులో ప్రతి వంద కొవ్వు అణువులకూ 50 ఈ ఆవేశం మార్చుకునే కొవ్వువి, 38.5 కొలెస్టరాల్‌వి, 10 ఫాస్ఫోలిపిడ్‌వి, 1.5 పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడవాటి గొలుసు అణువు) తగిలించిన కొవ్వువి. ఆ మందు మోసింది ఎంఆర్‌ఎన్‌ఏను కాదు, ఒక జన్యువు పనిని అణచివేసే చిన్న ఆర్‌ఎన్‌ఏను. అయినా కోవిడ్ టీకాల రేణువులు ఆ పద్ధతికి కొనసాగింపే.

రేణువును కణం తన పొరతో చుట్టి, ఒక సంచిలో లోపలికి తీసుకుంటుంది. ఆ సంచిలో క్రమంగా ఆమ్లత్వం పెరుగుతుంది. అప్పుడు కొవ్వుకు మళ్లీ ధనావేశం వచ్చి, రుణావేశం ఉన్న సంచి గోడతో కలిసిపోయి దాన్ని చెదరగొడుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ బయటపడి, కణంలోని ప్రొటీన్ కర్మాగారాలైన రైబోజోములకు అంది, ప్రొటీన్ తయారవుతుంది. అయితే ఇలా బయటపడేది లోపలికి వచ్చినదాంట్లో చాలా కొద్ది భాగమే, మిగతాదంతా సంచిలోనే జీర్ణమైపోతుంది. ఈ కొద్ది భాగాన్ని పెంచగలిగితే మోతాదూ తగ్గుతుంది, దుష్ఫలితాలూ తగ్గుతాయి. మీరు పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే ఇంతకంటే మంచి సమస్య దొరకడం కష్టం.

ప్రశ్న: నాకు కొలెస్టరాల్ ఎక్కువ, రోజూ మాత్ర వేసుకుంటున్నాను. ఈ టీకాల్లో కొలెస్టరాల్ కలుపుతారని విన్నాను. నాలాంటివారు వాటికి దూరంగా ఉండాలా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: అక్కర్లేదండీ. రేణువు గోడ గట్టిగా నిలవడానికే కొలెస్టరాల్‌ను కలుపుతారు. ఫైజర్ సంస్థ పెద్దలకిచ్చిన 30 మైక్రోగ్రాముల కోవిడ్ టీకా మోతాదులో ఉన్న కొలెస్టరాల్ 0.2 మిల్లీగ్రాములు. ఒక కోడిగుడ్డు పచ్చసొనలో ఉండేది దానికి దాదాపు వెయ్యి రెట్లు. జాగ్రత్తపడవలసింది కొలెస్టరాల్ గురించి కాదు: పీఈజీ ఉన్న మందులు గాని, ఇంతకుముందు వేసుకున్న టీకా గాని తీవ్రమైన అలర్జీ తెప్పించి ఉంటే, ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. డుషేన్ కండర క్షీణత అని డాక్టర్లు చెప్పారు. అమెరికాలో ఒక పసిబిడ్డకు కొవ్వు రేణువులతో జన్యువునే సరిచేశారని పేపర్లో చదివినప్పటి నుంచి ప్రాణం కుదుటపడడం లేదు. ఆ వైద్యం మా వాడికి పనికొస్తుందా? ఎంత దూరమైనా తీసుకెళ్తాం.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు చదివినది నిజమే. ఆ బిడ్డకు పుట్టుకతోనే సీపీఎస్1 అనే కాలేయ ఎంజైము లోపించి, రక్తంలో అమ్మోనియా పేరుకుపోయేది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి డాక్టరు రెబెక్కా ఆరెన్స్-నిక్లస్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టరు కిరణ్ ముసునూరు, వారి బృందాలు ఆ బిడ్డ జన్యువులోని తప్పుకే సరిపోయే మందును సుమారు ఆరు నెలల్లో తయారుచేశాయి. జన్యువులో ఒక అక్షరాన్ని మార్చే ప్రొటీన్ తాలూకు ఎంఆర్‌ఎన్‌ఏనూ, దానికి దారిచూపే మరో ఆర్‌ఎన్‌ఏనూ కొవ్వు రేణువుల్లో పెట్టి, 2025 ఫిబ్రవరిలో మొదటిసారి, ఆ తర్వాత మరో రెండుసార్లు ఎక్కించారు. బిడ్డ మునుపటికన్నా ఎక్కువ ప్రొటీన్ తిని తట్టుకోగలిగాడు, మందులూ తగ్గాయి. పూర్తిగా నయమైందని ఆ డాక్టర్లే అనలేదు.

అది సాధ్యం కావడానికి ముఖ్యకారణం జబ్బు కాలేయంలో ఉండడం. నరంలోకి ఎక్కించిన ఈ రేణువుల మీద రక్తంలో కొవ్వును మోసే అపోలిపోప్రొటీన్-ఈ అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుంటుంది. దాన్ని పట్టుకునే గ్రాహకాలు కాలేయ కణాల మీద దండిగా ఉన్నాయి. కాలేయంలోని సన్నని రక్తనాళాల గోడలకు రేణువులు దూరగలిగేంత రంధ్రాలు కూడా ఉంటాయి. కండరాల్లోని రక్తనాళాలకు అలాంటి రంధ్రాలు లేవు. టీకాను కండరంలోనే పొడుస్తారు కదా అని మీకు అనిపించవచ్చు. కానీ టీకాకు సూది దిగిన చోట కొన్ని కణాలు కొద్ది రోజులు ప్రొటీన్ చేస్తే చాలు. మీ అబ్బాయికి కాళ్లు, వెన్ను, ఊపిరి తీయించే కండరాలు, గుండె, అన్నిటికీ ఈ జబ్బులో లోపించే డిస్ట్రోఫిన్ అనే కండర ప్రొటీన్ జీవితాంతం కావాలి. ఎక్కించిన ఎంఆర్‌ఎన్‌ఏ కొద్ది రోజులకే అరిగిపోతుంది, పైగా డిస్ట్రోఫిన్ ఎంఆర్‌ఎన్‌ఏ పొడవు సుమారు 14,000 అక్షరాలు; కోవిడ్ టీకాలో ఉన్నది 4,000 పైచిలుకు మాత్రమే. కాబట్టి ఆ వైద్యం ఇవాళ మీ అబ్బాయికి పనికిరాదు. కాలేయాన్ని దాటి కండరానికి చేరే రేణువుల కోసం ప్రయోగశాలల్లో కృషి జరుగుతున్న మాట నిజమే గానీ, డబ్బు కడితే ఇప్పుడే ఇస్తామని ఎవరైనా చెబితే దయచేసి నమ్మకండి, ఇల్లూ పొలమూ అమ్ముకోకండి.

ఇప్పుడు చేయగలిగినవి ఉన్నాయి. డాక్టరు స్టెరాయిడ్ రాసి ఉంటే, వార్తలు చూసి గాని, ఒళ్లు చేస్తోందని గాని మీ అంతట మీరు ఆపకండి. అకస్మాత్తుగా మానేయడం ప్రమాదకరం. వ్యాయామ చికిత్సను వదలకండి. గుండెకూ ఊపిరితిత్తులకూ క్రమం తప్పకుండా పరీక్షలు చేయించండి. జన్యు పరీక్ష నివేదిక మీ చేతిలో ఉందా, అందులో డిస్ట్రోఫిన్ జన్యువులో ఏ భాగం లోపించిందో రాసి ఉందా చూసుకోండి, ఎందుకంటే ఈ జబ్బుకు విదేశాల్లో అనుమతి పొందిన కొన్ని మందులు ఫలానా లోపం ఉన్న పిల్లలకే పనిచేస్తాయి. నివేదిక లేకపోతే హైదరాబాద్ నిమ్స్‌లోని జన్యు వైద్య విభాగంలో అడగండి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్‌తో కలిసి ఒకటి. అక్కడికి వెళ్లేటప్పుడు అబ్బాయి పాత చీటీలన్నీ తీసుకెళ్లండి. ఈ జబ్బు తల్లి వైపు నుంచి మగపిల్లలకు రావచ్చు కాబట్టి, మీకూ, మీ అక్కచెల్లెళ్లు ఉంటే వారికీ పరీక్ష అవసరమేమో అదే రోజున అడిగి తెలుసుకోండి.