ముందు రోడ్డు మూసెయ్, తర్వాత ఆలోచించు

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ నా మనసు నీ సైట్ దగ్గరే ఉంది. వచ్చే శనివారం రాత్రి రోడ్డు ఆపి, ఫ్యాక్టరీలో చేసి తెచ్చిన స్టీల్ ఫుట్ ఓవర్ బ్రిడ్జిని క్రేన్లతో ఎత్తి పెట్టాలనీ, తెల్లవారి ఐదుకల్లా ట్రాఫిక్ వదలాలనీ చెప్పావు. టెన్షన్‌గా ఉందన్నావు. ఫోన్లో చెబితే సైట్ గోలలో సగం పోతుందని ఇలా రాస్తున్నాను.

ఒక రాత్రిలో పెట్టే బ్రిడ్జి అంటేనే ప్రమాదం అనుకోకు. 2010 సెప్టెంబర్‌లో కామన్‌వెల్త్ క్రీడలకు ముందు ఢిల్లీలో నెహ్రూ స్టేడియం దగ్గర కడుతున్న పాదచారుల వంతెన కూలి 20 మందికి పైగా గాయపడ్డారు. దాని స్థానంలో మన సైన్యం విడిభాగాలు బిగించి కొద్ది రోజుల్లోనే బెయిలీ వంతెన నిలబెట్టింది. ఆ వేగం వెనుక ఏ ముక్క తర్వాత ఏ ముక్క అన్నది ముందే తేలిపోయి ఉంటుంది.

నేను నీకు వివరంగా చెప్పాలనుకున్నది ఫ్లోరిడా సంగతి. మయామీలో యూనివర్సిటీ విద్యార్థుల కోసం ఎనిమిదో వీధి మీద కాంక్రీటు వంతెన కట్టారు. ప్రధాన స్పాన్, అంటే రెండు ఆధారాల మధ్య ఉండే భాగం, 174 అడుగులు, బరువు సుమారు 950 టన్నులు. రోడ్డు పక్కనే పోతపోసి, 2018 మార్చి 10న బహుచక్రాల వాహనాల మీద తెచ్చి కొన్ని గంటల్లో పిల్లర్ల మీద కూర్చోబెట్టారు. ఐదు రోజులకే, మార్చి 15 మధ్యాహ్నం, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కార్ల మీద అది పడిపోయింది. ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఒకరు పైన పనిచేస్తున్న కార్మికుడు, మిగతా ఐదుగురూ కింద వాహనాల్లో ఉన్నవాళ్లు.

అక్కడ జరిగినది జాగ్రత్తగా చదువు. వంతెనను తరలించేటప్పుడు ఆనింపులు చివర్లలో ఉండవు, లోపలికి ఉంటాయి. అందుకని చివరి ఏటవాలు కాంక్రీటు కాళ్లలో బలం తిరగబడుతుంది, నొక్కుడు పడాల్సిన చోట లాగుడు పడుతుంది. దాన్ని తట్టుకోవడానికి వాటిలో స్టీల్ రాడ్లు బిగించారు. పిల్లర్ల మీదకు వచ్చాక ఆ బిగింపు వదిలారు. అప్పుడు ఉత్తరం వైపు చివర, ఏటవాలు కాలు డెక్‌ను, అంటే జనం నడిచే పలకను, కలిసే ముడి దగ్గర, ముందే ఉన్న పగుళ్లు బాగా పెరిగాయి. ఆ ముడి మీద పడే బలాన్ని డిజైన్‌లో తక్కువగా, దాని సత్తాను ఎక్కువగా లెక్కేశారని తర్వాత అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది. డిజైన్‌ను మళ్లీ సరిచూసిన వాళ్లు కూడా పూర్తయిన వంతెననే చూశారు తప్ప, మధ్యలో అది ఒంటరి స్పాన్‌గా నిలబడే దశను చూడలేదు.

పగుళ్లు అందరికీ కనబడ్డాయి, బుజ్జీ. ఫొటోలు తీశారు. కూలిన రోజు పొద్దున్నే మీటింగ్ పెట్టుకుని భయమేమీ లేదనుకున్నారు. మధ్యాహ్నం ఆ రాడ్లను మళ్లీ బిగిస్తుండగా కూలింది. కింద రోడ్డు తెరిచే ఉంది. ఇది నేను ఎన్నిసార్లు చదివినా తట్టుకోలేను.

నీది స్టీల్ వంతెన, చిన్నది. అయినా ఎత్తేటప్పుడు ఉండే బలాలు వేరు, కూర్చున్నాక ఉండేవి వేరు. లిఫ్టింగ్ డ్రాయింగ్ విడిగా అడుగు. స్లింగులు, అంటే ఎత్తే తాళ్లు, ఎక్కడ కట్టాలో, ఆ స్థితికి లెక్క ఎవరు చేశారో, ఎవరు సంతకం పెట్టారో చూడు. "ఇలాంటివి చాలా పెట్టాం మేడమ్" అనే మాటను లెక్క కింద తీసుకోకు.

క్రేన్ కాళ్ల కింద నేల కూడా చూడు. మన రోడ్ల కింద పాత డ్రైనేజీ పైపులు, తవ్వి పూడ్చిన కేబుల్ గోతులు ఉంటాయి. స్టీల్ ప్లేట్లు పరిచాకే కాళ్లు దించనివ్వు. స్పాన్‌ను అడుగు ఎత్తు లేపి పది నిమిషాలు ఆపించు, అప్పుడే పైకి పోనివ్వు.

ఇక బోల్టుల గురించి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి ఇలాగే స్పాన్ పెట్టాం. నాలుగున్నర అయ్యేసరికి పైనుంచి ఒత్తిడి మొదలైంది. జాయింట్ బోల్టులు బిగించేశారని ఫోర్‌మన్ అంటే నమ్మి క్రేన్ హుక్ విప్పించాను. వాహనాలు వదిలాం. ఎండెక్కాక బిగువు కొలిచే టార్క్ రెంచ్ పట్టుకుని ఎక్కితే ఒక వైపు జాయింట్‌లో సగం బోల్టులు చేత్తో బిగించినవే. కింద స్కూల్ బస్సులు పోతున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పొద్దున నా కాళ్లు వణికిన తీరు ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే చెబుతున్నాను, ప్రతి నట్టు బిగించాక నట్టు మీదుగా ప్లేటు మీదికి పెయింట్ మార్కర్‌తో గీత గీయించు. గీత లేని నట్టు బిగించనట్టే. ఆ గీతలు నువ్వు సొంతంగా చూసుకుని, స్పాన్ పిల్లర్ల మీద ఆనే బేరింగుల దగ్గర దాన్ని కిందికి పట్టి ఉంచే హోల్డింగ్ డౌన్ బోల్టులు కూడా పడ్డాకే హుక్ విప్పనివ్వు.

రైలింగులు, మెట్లు పూర్తి కాకుండా జనాన్ని ఎక్కనివ్వద్దు. జనం కిక్కిరిసే చోట చదరపు మీటరుకు 500 కిలోల లెక్క పెట్టాలని మన ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం చెబుతుంది. నీ డ్రాయింగ్‌లో ఎంత తీసుకున్నారో చూడు. తర్వాత ప్రకటనల బోర్డులు తగిలిస్తామంటే ఆ బరువూ గాలీ లెక్కలో ఉన్నాయా అని అడుగు.

అన్నిటికంటే ముందు ఒక పని చెయ్. పగులు కనబడినా, వెల్డింగ్ విచ్చినా, ఏదైనా శబ్దం వచ్చినా, రోడ్డు ఆపే అధికారం నీకుందని శనివారం లోపు రాతపూర్వకంగా తీసుకో. కారణం వెతకడం, డిజైన్ వాళ్లకు ఫోన్ చెయ్యడం, మీటింగ్ పెట్టడం, అన్నీ కింద ఖాళీ అయ్యాకే. మయామీలో కూలడానికి రెండు రోజుల ముందు డిజైన్ ఇంజనీరు ఒక అధికారికి పగుళ్ల గురించి వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ అధికారి ఆఫీసులో లేక, కూలిన మర్నాడు విన్నాడు. అందుకని మెసేజ్ పెట్టి ఊరుకోకు. ట్రాఫిక్ పోలీసుల్లో ఆ రాత్రి డ్యూటీలో ఉండే మనిషి నంబర్ తీసుకుని, అతనితో ముందే ఒకసారి మాట్లాడు.

ఐదు గంటలకు రోడ్డు తెరవలేకపోతే తిడతారు. ఆరుకు తెరువు, ఏడుకు తెరువు. ఆ తిట్లు నేనూ తిన్నాను, నాలుగు రోజుల్లో పోతాయి.

లిఫ్టింగ్ డ్రాయింగ్ గురువారం లోపు నాకు వాట్సాప్‌లో పంపు, కూర్చుని చూస్తాను. శనివారం రాత్రి నేను పడుకోను. ఏ టైమైనా సరే, ఫోన్ చెయ్.

మీ మామయ్య